సంత లేని రోజు

గురువారం ఇక్కడ గొర్రెల సంత.
ఆదివారం ఎవరూ ఉండరు.
ఇనప కటకటాలు, వాన ఎంత కడిగినా వదలని పెంట వాసన,
వేలం పాడే అరుగు మీద ఒంటి కాకి.

పదిహేడు నిండితేగానీ రోడ్డెక్కనివ్వరు మా వేల్స్‌లో.
నాకింకా పదకొండు వారాలు.
సంత ఆవరణ రోడ్డు కాదు గనక
గేటుకి లోపలి నుంచి తాళం వేస్తే చట్టం బయటే ఆగిపోతుంది.
మెరెరిడ్ పిన్ని ఆగదు.
ఇరవై రెండేళ్లు బడి బస్సు నడిపిన మనిషి.

మొదటి ఆదివారం ఇంజనే పెట్టనివ్వలేదు.
"దిగు. వెనక్కెళ్లి తొయ్."
తోశాను. కదల్లేదు.
భుజం ఆనించి, బూట్లు జారుతుంటే, పళ్లు బిగబట్టి తోశాను.
కదిలింది.
కదిలాక ఆపబోతే ఆగలేదు,
డిక్కీ పట్టుకున్న నన్ను కూడా ఈడ్చుకుపోయింది.
గొర్రెలు కడిగే తొట్టి దగ్గర, లోపలున్న పిన్ని
హ్యాండ్‌బ్రేక్ లాగితే నిలబడింది.
"బరువెంతో తెలిసిందా? సీట్లో కూర్చున్నాక తెలీదు. అందుకని."
అంతే ఆ రోజు పాఠం.
ఇంటికి పోతూ చిప్స్ కొనుక్కుని తిన్నాం.

రెండో ఆదివారం క్లచ్.
యాక్సిలరేటర్ ముట్టుకోవద్దంది.
మడమ నేల మీదే ఉంచి
మునివేళ్ల కింద పెడల్‌ని వెంట్రుకవాసి చొప్పున వదలాలి.
ఎక్కడో ఒక చోట బండి ఒళ్లు విరుచుకుంటుంది,
బానెట్ ముక్కు కాస్త లేస్తుంది,
ఇంజను గొంతు బొంగురుపోతుంది.
అదీ పట్టు దొరికే చోటు.
చెవికంటే ముందు అరికాలికి తెలుస్తుందట.
నా అరికాలికి ఏమీ తెలియలేదు.
ఎక్కిళ్లు పెట్టి చచ్చిపోయేది బండి.
గంటలో పందొమ్మిది సార్లు; పిన్ని లెక్కపెట్టలేదు, నేనే పెట్టాను.
పక్క సీట్లో ఊలు అల్లుకుంటూ ఆమె "మళ్లీ" అనేది,
తిట్టినట్టు కాదు, బుజ్జగించినట్టూ కాదు,
తర్వాతి స్టాపు పేరు చెప్పినట్టు.

ఇరవయ్యోసారి
బండి తనంతట తనే, నత్తలా, బయల్దేరింది.
కటకటాలు ఒక్కొక్కటే వెనక్కి జరుగుతుంటే
కేక పెట్టాను.
కాకి లేచిపోయింది.

రివర్సు గురించి ఎక్కువ చెప్పను.
నాలుగు దాణా బకెట్లు పెట్టింది, మూడు మిగిలాయి.

అయిదో ఆదివారం సన్నగా తుంపర.
పిన్ని దిగి, నలభై గజాలు నడిచి,
నాకు వీపు పెట్టి నిలబడింది.
"రా! ఎక్కడ ఆగాలో నువ్వే చూసుకో."
జేబు చిరిగిన నీలం రెయిన్‌కోటు.
ఇరవై రెండేళ్లు ఈ ఊరి పిల్లలమంతా
వెనక సీట్లలోంచి చూసిన వీపే అది,
గోల చేస్తూ, నారింజ తొక్కలు విసురుకుంటూ,
మంచు పడ్డ మలుపుల్లో నిద్రపోతూ.
ఒక్కసారైనా భయమేసి చూసినట్టు గుర్తు లేదు.

ఇప్పుడు వైపర్ తుడిచిన ప్రతిసారీ
ఆ వీపు కొంచెం పెద్దదవుతోంది.
నేను తోసిన బరువంతా నా ఒళ్లో ఉంది.
తొక్కాను.
క్లచ్ మరిచాను, బండి ఎగిరిపడి చచ్చింది.
బ్రేకు మరవలేదు.

పిన్ని తిరిగి చూసింది.
బూటు ముందు బూటు పెట్టుకుంటూ బంపరు దాకా కొలిచింది.
"ముప్పై ఒకటి. పిరికిదానివి హెలెద్."
తలుపు తీసి, తడి కోటుతోనే కూర్చుని,
"మంచిదే" అంది.

గ్లవ్ బాక్సులో రెండు తెల్లటి పలకలున్నాయి,
వాటి మీద ఎర్రటి డి, మా భాషలో నేర్చుకునేవాళ్ల గుర్తు.
పిన్ని ముందే కొనిపెట్టింది, ప్లాస్టిక్ కవరు విప్పలేదు.
గేటు అవతల ఏదో పాల ట్యాంకరు నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.
తాళం వేసే ఉంది.
అయినా గేటు దాకా పోనిచ్చి ఆపి,
ఎడమ ఇండికేటర్ వేశాను.
టిక్కు, టిక్కు, టిక్కు.
ఇద్దరం కాసేపు విన్నాం.

"అద్దం చూడలేదు నువ్వు," అంది పిన్ని.